చేత్తో విసిరే తొలి విమానంగా ఈజీస్టార్ 2

రేడియో కంట్రోల్ విమానాలు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చాలామంది చక్రాలున్నదే కొంటారు. రన్‌వే మీద పరుగెత్తించి లేపితే అందంగానే ఉంటుంది. కానీ మనకి దొరికే జాగాలు ఖాళీ ప్లాట్లు, కోతలయ్యాక మోళ్లు మిగిలిన వరి పొలాలు, గడ్డి పెరిగిన కాలేజీ మైదానాలు. చిన్న చక్రం అక్కడ రెండు గజాలు కూడా దొర్లదు, ముక్కు నేలకి గుచ్చుకుంటుంది. చేత్తో విసరాల్సిందే. విసరడం కోసమే గీసిన విమానాల్లో జర్మనీ కంపెనీ మల్టిప్లెక్స్ వాళ్ల ఈజీస్టార్‌ది పాత పేరు. ఇక్కడ చెప్పేది దాని రెండో రూపం గురించి: రెక్క పొడవు 1366 మిల్లీమీటర్లు, ఎగిరేటప్పుడు బరువు దాదాపు 700 గ్రాములు.

దీని మోటారు ముక్కులో లేదు. రెక్క వెనక, బాడీకి పైన కూర్చుంది. ముక్కు నేలకి తగిలినా ప్రొపెల్లర్ విరగదు, షాఫ్ట్ వంగదు. కింద పట్టుకున్న చేతికి బ్లేడు కూడా దూరంగానే ఉంటుంది. నేర్చుకునే రోజుల్లో ముక్కు నేలకి తగలకుండా ఉండదు కాబట్టి ఇది చాలా పెద్ద లాభం.

అయితే అదే అమరిక వల్ల ఒక చిక్కుంది. ప్రొపెల్లర్ నెట్టే బలం బరువు కేంద్రానికి పైనుంచి వస్తుంది కాబట్టి థ్రాటిల్ (మోటారు వేగం) ఇచ్చినప్పుడు ముక్కు కిందికి వంగాలని చూస్తుంది. గాల్లో వేగం ఉన్నప్పుడు తోక దాన్ని ఆపుతుంది. చేతిలోంచి వదిలిన క్షణంలో ఆ వేగం లేదు. ఫుల్ థ్రాటిల్ పెట్టి, మెల్లగా నెట్టి వదిలితే విమానం కాస్త దూరంలోనే ముక్కు దించి నేలకి తగులుతుంది. మోటారుకి బలం లేదనుకుని ఇంకా పెద్ద మోటారు పెట్టేవాళ్లున్నారు. దానితో ముక్కు ఇంకా గట్టిగా వంగుతుంది. నిజానికి చాలనిది విసురు. థ్రాటిల్ ముప్పావు వంతు చాలు, విసురు మాత్రం గట్టిగా ఉండాలి, ఎలివేటర్ (ముక్కుని ఎత్తి దించే తోక పలక) ట్రిమ్‌తో ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి ఉంచాలి.

విసిరే ముందు సీజీ, అంటే బరువు కేంద్రం, చూడాలి. రెక్క మొదట్లో, ముందు అంచు నుంచి 78 మిల్లీమీటర్ల దగ్గర రెండు వేళ్ల మీద నిలబెడితే విమానం సమంగా గానీ, ముక్కు ఓ పిసరు కిందికి గానీ ఉండాలి. బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరిపి సరిచేస్తారు. ఇక్కడే చాలామంది మర్చిపోయేది ఒకటుంది. బ్యాటరీని వెల్‌క్రోతో అంటించి వదిలేస్తే, విసిరిన ఊపుకి అది వెనక్కి జారుతుంది. సీజీ వెనక్కి పోతుంది, విమానం చేయి వదలగానే నిటారుగా లేచి, ఆగి, ఓ రెక్క మీద పడుతుంది. కింద చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి కాబట్టి కారణం దొరకదు. బ్యాటరీ వెనక ఓ ఫోమ్ ముక్క గట్టిగా దూర్చితే ఈ బాధ లేదు.

తర్వాత మోటారు ఆపేసి, మోకాలి ఎత్తు గడ్డి ఉన్న చోట ఎదురుగాలిలోకి సమంగా విసిరి చూడండి. నిదానంగా, తిన్నగా దిగితే సరే. ముక్కు గుచ్చుకుంటే బ్యాటరీ కాస్త వెనక్కి, లేచి లేచి పడుతుంటే ముందుకి. ఈ పరీక్ష చేయకుండా మోటారుతో విసరొద్దు.

అసలు విసరడానికి తెల్లవారి గాలి తక్కువగా వీచే వేళ మంచిది. పట్టు రెక్క కింద, సీజీ దగ్గర. మెల్లగా రెండు మూడడుగులు పరుగెత్తి, రెక్కలు సమంగా, ముక్కు నేలకి సమాంతరంగా లేదా 5 డిగ్రీలు పైకి ఉంచి, దూరంగా ఉన్న చెట్టు కొమ్మని గురి చూసినట్టు తిన్నగా తోయాలి. ఆకాశంలోకి విసరకూడదు. వేగం రాకముందే పైకెక్కబోయి ఆగిపోతుంది. కుడిచేతివాళ్ల చేయి విసురులో చివర్న ఎడమకి తిరుగుతుంది, విమానం కూడా ఎడమకి ఒరుగుతుంది. చేతిని గురి వైపే చివరిదాకా చాచితే అది తగ్గుతుంది. వదిలాక చేయి పైకెత్తకండి, ప్రొపెల్లర్ ఆ మీదుగానే పోతుంది.

ఒక్కరే విసరాలంటే రేడియోని (చేతిలో పట్టుకునే రిమోట్‌ని) మెడ పట్టీకి వేలాడదీసుకోవాలి. మోడ్ 2 అనే స్టిక్‌ల అమరికలో థ్రాటిల్ ఎడమ స్టిక్‌లో, ఎలివేటర్ కుడి స్టిక్‌లో ఉంటాయి. కుడిచేత్తో విసిరితే ఓ సెకను పాటు ఎలివేటర్ దగ్గర బొటనవేలు ఉండదు. ఆ సెకనే విమానం బతుకుని తేలుస్తుంది. అందుకే మొదట్లో ఇంకొకరు విసరడం, నడిపేవాళ్లు రెండు స్టిక్‌ల మీదా వేళ్లుంచి నిలబడడం మేలు. విసిరేవాళ్లకి "విసురు" అని మాట చెప్పాకే విసరమనండి.

వదిలాక తిప్పకండి. తిన్నగా, రెక్కలు సమంగా ఉంచి మూడంతస్తుల ఎత్తు దాకా ఎక్కనివ్వండి. ముక్కు లేచి వేగం తగ్గితే కొత్తవాళ్లు భయంతో స్టిక్‌ని వెనక్కి లాగుతారు, అది పూర్తిగా ఆగిపోతుంది. స్టిక్ వదిలేయండి, ముక్కు దిగుతుంది, వేగం వస్తుంది.

లోపాల సంగతికి వస్తే, బొడ్డు మీదే దిగుతుంది కాబట్టి బొడ్డు ఫోమ్ గీసుకుపోతుంది. కింద నైలాన్ పోగుల టేపు ఓ పొర వేస్తే చాలు. తోక బూమ్ అడ్డంగా పడితే విరుగుతుంది. దీన్ని చేసిన ఎలాపార్ ఫోమ్‌కి సూపర్‌గ్లూ పడుతుంది, ఫెవిక్విక్‌తో కూడా నిలుస్తుంది (థర్మోకోల్‌ని కరిగించేస్తుంది కాబట్టి దాని మీద వాడకండి). ముక్కు నలిగితే మరిగే నీళ్లు పోస్తే ఫోమ్ పొంగి చాలావరకు ఆకారానికి వస్తుంది. మే నెలలో మూసిన కారులో మాత్రం ఉంచొద్దు, రెక్కలు వంకరపోతాయి.

కొత్తవాళ్ల కోసమే చేసిన ఇంకో విమానం హాబీజోన్ ఏరోస్కౌట్‌తో పోలిస్తే దీనికి చక్రాలు లేవు, సేఫ్ అనే సమతుల్య సహాయం లేదు. చదునైన నేల ఉన్నవాళ్లకి అదే నయం. మైదానం అంతంత మాత్రమైతే ఈజీస్టారే.

కొనేటప్పుడు కిట్టా, ఆర్‌ఆర్‌ఆ అని చూడండి. కిట్‌లో ఫోమ్, చిన్న భాగాలే ఉంటాయి. ఆర్‌ఆర్‌లో మోటారు, దాని వేగం నడిపే కంట్రోలర్, పలకల్ని కదిపే చిన్న మోటార్లు (సర్వోలు) బిగించి వస్తాయి; రేడియో, రిసీవర్, బ్యాటరీ, ఛార్జర్ మీరు కొనాలి. తొలిసారికి ఆర్‌ఆర్ తీసుకోండి. ఎయిలరాన్‌ల (రెక్క అంచుల పలకల) మీద ఎక్కువ మనసు పెట్టొద్దు, రడ్డర్ (తోక నిలువు పలక), ఎలివేటర్‌తోనే నేర్చుకోవచ్చు. బ్యాటరీ 3 సెల్, 2000 నుంచి 2200 ఎంఏహెచ్, సెల్‌కి 3.5 వోల్ట్ దాకా పడకముందే విమానాన్ని దించేయండి, ఇంట్లో ఉంచేటప్పుడు 3.8 దగ్గర ఉంచండి. ఎగరేయబోయే చోటు డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ జోన్‌లో ఉందో లేదో కొనకముందే చూసుకోండి, డ్రోన్ రూల్స్ 2021 మోడల్ విమానాలకీ వర్తిస్తాయి. విమానాశ్రయాలు, ఎయిర్‌ఫోర్స్ స్థావరాలు ఉన్న శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ చుట్టుపక్కల ఉండేవాళ్లు ఊరి బయటికి వెళ్లాల్సి రావొచ్చు.