ఏడు కరెన్సీల్లో వీణ ఫీజు: మూడేళ్ల వాడకం తర్వాత

మా ఆవిడ కాకినాడలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని విదేశాల్లో ఉన్న పిల్లలకు వీణ నేర్పుతుంది. పాఠం ఆవిడది, పద్దు నాది. నెల ఫీజు కార్డు నుంచి దానంతటదే కట్టయ్యేలా ఒక పేమెంట్ గేట్‌వే పెట్టుకున్నాం. ఏ దేశం వాళ్లకు ఆ దేశపు డబ్బులోనే ఫీజు వేసే సదుపాయం అందులో ఉంది. 2023 జనవరి నుంచి వాడుతున్నాను. గేట్‌వే పేరు చెప్పను. ఈ సదుపాయం ఇంకా చాలా చోట్ల ఉంది, చిక్కులూ ఇంచుమించు ఇవే.

అంతకుముందు అందరికీ 25 డాలర్లు. ఎక్కడున్నా తెలుగువాళ్లకు డాలరు లెక్క రాకపోతుందా అనుకున్నాను. 2022 చివర్లో మెల్‌బోర్న్ నుంచి ఒక తల్లి మెసేజ్ పెట్టింది: "టీచర్‌గారూ, ఫీజు పెంచితే ఒక మాట చెప్పి పెంచండి. నెలనెలా ఇలా కొంచెం కొంచెం ఎందుకండీ?" మేం ఒక్క సెంటు పెంచలేదు. ఆ ఏప్రిల్ మొదట్లో 75 అమెరికా సెంట్లు దాటి పలికిన ఆస్ట్రేలియా డాలరు అక్టోబరుకి 62 దగ్గరికి జారింది. మా 25 ఆవిడ స్టేట్‌మెంట్‌లో 33 నుంచి 40కి ఎక్కింది. ఆ సెప్టెంబరులోనే పౌండు ఎన్నడూ లేనంత కిందకి, 1.03 డాలర్లకు పడింది. ఇంగ్లండ్ వాళ్లు మాత్రం ఏమీ అనలేదు. ఇద్దరు చెప్పాపెట్టకుండా మానేశారు.

మార్చుకుందామని కూర్చుంటే గేట్‌వే రెండు దారులు చూపించింది. ఒకటి, డాలరు ధరను ఆ రోజు రేటుతో అదే మార్చేస్తుంది. ఇదే సుఖం కదా అని మొదట అది పెట్టాను. వారం తిరగకుండా తీసేశాను. 37.84 అని ఒకరోజు, 38.21 అని మరోరోజు చూపిస్తే మెల్‌బోర్న్ తల్లికి నేను చేసిన మేలేమిటి? అదే తలనొప్పి, నోటు మీద బొమ్మ మారిందంతే. రెండోది, ఒక్కో కరెన్సీకి మనమే ఒక ధర రాసి పెట్టడం. అమెరికాకు 25, ఇంగ్లండ్‌కు 20 పౌండ్లు, ఆస్ట్రేలియాకు 38, సింగపూర్‌కు 34, దుబాయికి 90 దిర్హాములు, కువైట్‌కు ఏడున్నర దినార్లు, జపాన్‌కు 3,500 యెన్. వాడదలుచుకున్నవాళ్లు ఈ రెండోదే వాడండి.

ధర అలా కట్టేసినప్పుడు రేటు ఊగిసలాట ఎక్కడికీ పోదు. వాళ్ల నెత్తి మీద నుంచి దిగి మన నెత్తికెక్కుతుంది. నేను ధర రాసినప్పుడు డాలరుకు 130 యెన్ చిల్లర. 2024 వేసవిలో 160 దాటింది. టోక్యో పాప కట్టేది అదే 3,500, కానీ అది 27 డాలర్ల చోటు నుంచి 22కి దిగిపోయింది. వాళ్లకు ఆ సంగతే తెలియదు. దుబాయి వాళ్లతో మాత్రం నిశ్చింత. దిర్హాము 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. ఇప్పుడు ఏడాదికోసారి సంక్రాంతి వెళ్లాక ధరలు తిరగేస్తాను. కొత్తగా చేరేవాళ్లకే మారుస్తాను, పాతవాళ్ల జోలికి పోను.

కువైట్ కథ చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తి కాదు. గేట్‌వేకి సొమ్ము ఎప్పుడూ చిల్లరలోనే చెప్పాలి, 25 డాలర్లంటే 2500 అని. మా వెబ్‌సైట్ కట్టిన కుర్రాడు అన్నిటినీ వందతో గుణించాడు. రూపాయికి వంద పైసలు, డాలరుకు వంద సెంట్లు, బాగానే ఉంది. కువైట్ దినారుకు మాత్రం వెయ్యి ఫిల్స్! ఏడున్నర దినార్లు 750 ఫిల్స్ అయి కూర్చున్నాయి, అంటే ముప్పావు దినారు. నాలుగు కుటుంబాలు రెండు నెలలు అలాగే కట్టాయి. నేను చూసుకోలేదు. చివరికి ఒకాయనే ఫోన్ చేశాడు: "బాబాయ్‌గారూ, ముప్పావు దినారుకి ఇక్కడ టిఫిన్ కూడా సరిగ్గా రాదండి, వీణ ఎలా వస్తుంది?" తేడా అంతా ఆ నెలే పంపించేశాడు. యెన్‌ది తలకిందుల కథ. దానికి అసలు చిల్లరే లేదు. వందతో గుణిస్తే మూడున్నర లక్షల యెన్. వాళ్ల బ్యాంకు ఆపేసింది కాబట్టి పరువు దక్కింది. ఈ రెండు తప్పులూ గేట్‌వేవి కావు, మావే. దినారులా వెయ్యి చిల్లరగా విడిపోయే (మూడు దశాంశాల) కరెన్సీలు ఏవో, అసలు చిల్లరే లేనివి ఏవో గేట్‌వే వాళ్ల పత్రాల్లో రాసే ఉంది. చదివిందెవరు?

ఇంకో భ్రమ కూడా వదిలింది. సొంత కరెన్సీలో వేస్తే విదేశీ లావాదేవీ రుసుము పడదని అందరికీ హామీ ఇచ్చేశాను. ఆస్ట్రేలియాలో కొన్ని బ్యాంకులు, సొమ్ము వాళ్ల డాలర్లలోనే ఉన్నా, అమ్మేవాడు పరాయి దేశంలో ఉంటే రుసుము వేస్తాయి. మెల్‌బోర్న్ తల్లి స్క్రీన్‌షాట్ పంపేదాకా నాకు తెలియదు. ఇప్పుడు హామీలివ్వను.

కుటుంబం దేశం మారితే మరో తంటా. దుబాయి నుంచి సిడ్నీ వెళ్లినవాళ్లకు కరెన్సీ మార్చబోతే, నడుస్తున్న సబ్‌స్క్రిప్షన్‌కు మార్చడం కుదరదంది గేట్‌వే. పాతది రద్దు చేసి, కొత్తది పెట్టి, మిగిలిన రోజులకు చేత్తో లెక్కేసి తగ్గించాను. వాపసులు అంతకన్నా చేదు. ఏడాది ఫీజు కట్టినవాళ్లు మూడో నెలలో మానేస్తే వాళ్ల కరెన్సీలో లెక్కగా వెనక్కి వెళ్తుంది. మన ఖాతాలో మాత్రం ఆనాటి రేటుకు రూపాయలు కోస్తారు, గేట్‌వే రుసుము తిరిగి రాదు. అందుకే ఏడాది ఫీజు డాలర్లలో మాత్రమే ఉంచాను.

ఏ కరెన్సీలో వసూలైనా మాకు పడేది రూపాయలే. బయట కనిపించే రేటుకూ మాకు కట్టే రేటుకూ నూటికి రెండు రూపాయల దాకా తేడా ఉంటోంది. డాలర్లప్పుడూ ఉండేది, అప్పుడు ఒకచోట కనిపించేది, ఇప్పుడు ఏడు చోట్ల దాక్కుంటోంది. మా ఆడిటరుగారు మొదటి ఏడాది ఫైలు చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. విదేశీ సేవగా జీఎస్‌టీ సున్నా పడాలంటే ఏటా ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా విదేశాలకు సేవ అందిస్తామని ప్రభుత్వానికి ఇచ్చే హామీపత్రం) పెట్టాలి, సొమ్ము బయటి నుంచి వచ్చిందని కాగితం ఉండాలి. ఆ కాగితం నెలకొకటి గేట్‌వే ఇస్తుంది, అక్కడ వంక పెట్టను.

మన దేశంలో ఉన్న పదిమంది పిల్లలు రూపాయల్లో, యూపీఐ ఆటోపేతో కడతారు. 2021 అక్టోబరులో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధన వచ్చి వాళ్ల కార్డుల ఆటోడెబిట్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పటి నుంచీ అదే అలవాటు. ఇందులో ఒక తమాషా ఉంది. రూపాయి ధర 800 మాత్రమే, అమెరికా ఫీజులో సగం కూడా కాదు. న్యూజెర్సీ మనవరాలికి గుంటూరు తాతగారు తన ఖాతా నుంచి కడుతున్నారు. మా ఆవిడకు చెబితే, "తాతగారు కడుతున్నారు, మనకెందుకు" అంది. వదిలేశాను.

గొడవలన్నీ చెప్పినా, డాలర్లకు వెనక్కి వెళ్లను. "ఈ నెల ఎందుకు ఎక్కువైంది" అనే మెసేజ్ మూడేళ్లలో ఒక్కటీ రాలేదు. ఆస్ట్రేలియాలో మానేసినవాళ్లూ ఒక్కరే, అదీ పిల్ల గిటారు వైపు వెళ్లిందని.

పోయిన వారం మస్కట్ నుంచి ఒకాయన చేరతామన్నాడు. ఒమాన్ రియాల్‌కీ వెయ్యి బైసాలే. మొదటి ఫీజు కట్టవగానే ఎంత పోయిందో ఫోన్లో చదివి వినిపించమని అడిగాను. ఆయనకు నా మీద కొంచెం అనుమానం వచ్చినట్టుంది.