రాత్రి డ్యూటీ సంగతి అడిగాకే చేర్చండి

పక్షవాతంతో అమ్మకు కుడివైపు పడిపోయాక హైదరాబాద్ శివార్లలో ఒక కేర్ హోమ్‌లో చేర్చాం. రెండేళ్లు దాటింది. గదులు, తోట, డాక్టర్ రౌండ్ గురించి బ్రోచర్లో రాసిందంతా నిజమే. నేను చెప్పేది రాత్రి డ్యూటీ గురించి.

మంచం దిగలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే నడుం కింద, మడమల దగ్గర రక్తం ఆడక పుండ్లు పడతాయి. ఇక్కడ ఎన్నింటికి ఏ పక్కకు తిప్పారో మంచం దగ్గరి చార్టులో రాసి సంతకం పెడతారు. ఆ చార్టు చూసే మొదటి ఏడాది అందరికీ ఈ హోమ్ గురించి గొప్పగా చెప్పాను. పగలు చూసుకునే శ్రీకాకుళం అమ్మాయైతే అమ్మకు ఎడమచేత్తో తినడం కూడా అలవాటు చేసింది. ఆ పిల్లకు ఇప్పటికీ వంక పెట్టను.

సంక్రాంతికి సగం స్టాఫ్ ఊళ్ళకు వెళ్ళిపోయారు. ముక్కనుమ నాడు నేను వెళ్ళి నైటీ మారుస్తుంటే అమ్మ నడుం కింద మచ్చ కనిపించింది. మొదట్లో ఎర్రబడుతుందని అంటారు గానీ, అమ్మది చామనఛాయ. అక్కడ కందినట్టు ఊదారంగుగా ఉంది, తాకితే వేడిగా, గట్టిగా తగిలింది. చార్టులో మాత్రం పది, పన్నెండు, రెండు, నాలుగు, అన్ని గడులూ ఒకే పెన్నుతో ఒకే ఊపులో నింపేశారు. పుండ్లు పడకుండా వేసే, పంపుతో గాలి నిండే ఎయిర్ బెడ్ మీద చెయ్యి వేస్తే గాలి లేదు. పంపు ప్లగ్గు పీకేసి అక్కడ ఎవరిదో ఫోను చార్జింగ్ పెట్టారు! రాత్రిళ్ళు ఆ అంతస్తు మొత్తానికీ ఒక్క ఆయానే ఉందట. ఆమెను తిట్టి ఏం లాభం, అమ్మ బరువుకి ఒక్కరే తిప్పడం కుదిరే పనేనా?

మేనేజర్ని అడిగితే "పండగ కదా మేడమ్, కొంచెం అడ్జస్ట్ అవ్వాలి" అన్నాడు. ఫీజులో మాత్రం పండగ తగ్గింపు లేదు. పైగా క్రీములు, ప్యాడ్లు విడిగా బిల్లు వేశారు. తమ్ముడు డల్లాస్ నుంచి చూసే సీసీ కెమెరా వరండాలోది, అందులో మంచం కనపడదు.

చర్మం చిట్లకముందే చూశాం కాబట్టి తగ్గింది. నేను గొడవ చేశాక రాత్రికి రెండో ఆయాను పెట్టారు. కొన్నాళ్ళు ఉంటోంది, కొన్నాళ్ళు ఉండటం లేదు.

అయినా అమ్మను అక్కడే ఉంచాం. మాది లిఫ్ట్ లేని మూడో అంతస్తు, నాది రోజూ వెళ్ళాల్సిన ఉద్యోగం. ఏజెన్సీ మనిషిని ఇంట్లో పెట్టుకుంటే, ఆమె రాని రోజు చూసే దిక్కుండదు. నడవగలిగి, నొప్పి ఉంటే నోటితో చెప్పుకోగలిగేవాళ్ళకు ఈ హోమ్ బాగానే ఉంటుందనుకుంటా. మంచాన పడ్డవాళ్ళ కోసం చూస్తుంటే మాత్రం రాత్రి పది దాటాక, వీలైతే ఏదైనా పండగ వారంలో, చెప్పకుండా ఒకసారి వెళ్ళి అంతస్తుకి ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి.