ముదిరిన పార్కిన్సన్స్‌కు ఇంటి దగ్గర పునరావాస చికిత్స: కొన్నేళ్లు చేయించాక

కదలికలను క్రమంగా దెబ్బతీసే మెదడు వ్యాధి పార్కిన్సన్స్. దాని తీవ్రతను వైద్యులు హోన్-యార్ కొలమానంలో ఐదు దశలుగా చెబుతారు. మా నాన్నగారు నాలుగో దశలో ఉన్నప్పుడు, అంటే లేచి నిలబడగలిగినా స్నానానికీ భోజనానికీ మరొకరి సాయం తప్పనిసరి అయినప్పుడు, అమలాపురం దగ్గరి మా ఊళ్లో ఇంటికి వచ్చే ఫిజియోథెరపీ మొదలుపెట్టాము. ఇప్పుడు ఆయన మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమయ్యే ఐదో దశకు చేరువలో ఉన్నారు. ఈ చికిత్స వ్యాధిని వెనక్కి తిప్పలేదు. ఇంటినీ ఇంట్లోవాళ్లనూ ఆ వ్యాధికి తగ్గట్టు సిద్ధం చేయడమే ఈ దశలో దీని అసలు ప్రయోజనమని నా అభిప్రాయం.

మాది గదిగదికీ గడప ఉన్న పాత పెంకుటిల్లు. నడుస్తూ నడుస్తూ గడప దగ్గరికి రాగానే నాన్నగారి కాళ్లు నేలకు అతుక్కుపోయేవి. అంతకుముందు చూపించిన ఒక కేంద్రంలో పక్షవాతం వచ్చినవారికి చేసినట్టే కరెంటు పెట్టి, మర్దన చేసి పంపించేవారు. దానివల్ల ఈ బాధ ఏమాత్రం తగ్గలేదు. ఇంటికి వచ్చిన ఫిజియో మాత్రం గడపకు ఇవతలా అవతలా అడుగుకొకటి చొప్పున రంగు టేపు అంటించి, ఆ గీతల మీదుగా అడుగు వేయించారు. అలవాటైన కదలికలను మనం ఆలోచించకుండానే నడిపించే మెదడు లోపలి భాగం బేసల్ గాంగ్లియా దెబ్బతిన్నప్పుడు, కంటికి కనిపించే గీతో చెవికి వినిపించే లయో అందిస్తే మెదడు మరో దారిలో ఆ అడుగు వేయించగలుగుతుంది. రామాలయంలో ఏళ్ల తరబడి భజనలు చేసిన మనిషి కావడం వల్ల కాబోలు, ఫోనులో టిక్కుటిక్కుమని లయ వినిపించే మెట్రోనోమ్ కంటే అమ్మ వేసే తాళానికే ఆయన కాలు తేలికగా కదిలింది. అయితే గీతలు లేని చోట, ముఖ్యంగా వానాకాలంలో బురదగా ఉండే పెరట్లో, ఈ ఫలితం దాదాపు కనిపించలేదు. కాలు ఆగినప్పుడు చెయ్యి పట్టి లాగకూడదనీ, నడుస్తున్నప్పుడు మాట్లాడించకూడదనీ, ఉన్నచోటే గిరుక్కున తిరగకుండా వెడల్పుగా చుట్టి తిరగాలనీ మేము నేర్చుకున్నదే పడిపోవడాలను ఎక్కువగా తగ్గించింది.

అన్నిటికంటే విలువైనది మింగడం గురించి స్పీచ్ థెరపిస్టు ఇచ్చిన శిక్షణ. ఈ వ్యాధి ముదిరినవారిలో ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారి వచ్చే న్యుమోనియా మరణానికి ఒక ప్రధాన కారణం; ఈ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పలుచటి ద్రవమూ మెతుకులూ కలిసిన చారన్నం, మజ్జిగన్నం మింగడం ఆయనకు కష్టమని పరీక్షించి చెప్పారు. అప్పటినుంచి ముద్దపప్పూ నెయ్యీ వేసి మెత్తగా కలిపిన అన్నం, గంజిలా చిక్కబరిచిన మజ్జిగ, అదీ నిటారుగా కూర్చోబెట్టి చిన్నచిన్న ముద్దలుగా పెడుతున్నాము. కోనసీమలో పుట్టిన మనిషికి పులస పులుసు లేని భోజనం ఎంత వెలితో నాకు తెలుసు, కానీ అన్నం తింటుండగా పొలమారడం బాగా తగ్గింది.

గొంతు పెంచే ఎల్‌ఎస్‌వీటీ లౌడ్ శిక్షణ నాలుగు వారాలు, వారానికి నాలుగు రోజులు, రోజుకో గంట చొప్పున ఉంటుంది. మాట వినబడే స్థాయికి వచ్చింది గాని, సాధన ఆపగానే మళ్లీ సన్నగిల్లింది. జ్ఞాపకశక్తి నిలకడగా ఉన్న తొలి దశల్లోనే దీన్ని చేయించడం మేలు.

ఏ వ్యాయామమైనా ఈ వ్యాధికి వాడే లెవోడోపా మాత్ర పనిచేస్తున్న సమయంలోనే చేయించాలి; ఫిజియోకు వీలైన వేళకు సర్దుకుపోతే డబ్బూ ఓపికా రెండూ వృథా అవుతాయి. నిలబడగానే రక్తపోటు పడిపోయే అవకాశం ఉంది కాబట్టి మంచం అంచున కాసేపు కూర్చోబెట్టాకే లేపాలి. లేపేటప్పుడు ఆయనను కుర్చీ అంచుకు జరిపి, పాదాలు వెనక్కి పెట్టించి, ముందుకు వంగమని చెప్పి అంకెలు లెక్కపెట్టే పద్ధతి అమ్మకు నేర్పించారు. ఆమె నడుంనొప్పి తగ్గడానికి ఈ ఒక్క మార్పే కారణమైంది.

ఇప్పుడు ఫిజియో వారానికి ఒకసారే వస్తున్నారు. మంచంలో పక్కకు తిప్పడం, పుండ్లు పడకుండా చూడడం, కీళ్లు బిగుసుకోకుండా సాగదీయడం వరకే ఆయన పని. మింగే పరీక్షను మాత్రం తగ్గించలేదు, ఇకమీదటా తగ్గించము.