ఒంటి లోతుల్లోకి చూడాలంటే ఏది మేలు: ఐసీజీయా, క్వాంటం డాట్సా, పాలిమర్ డాట్సా?

ఈ మూడూ ఒంట్లోకి ఎక్కిస్తే వెలిగి, లోపలున్నదాన్ని బయటికి చూపించే పదార్థాలు. భీమవరం వైపు రొయ్య సీడ్ కొనేవాళ్లకి ఈ గొడవ లేదు. రొయ్యపిల్లని స్లయిడ్ మీద పెట్టి మైక్రోస్కోప్‌లో చూస్తే చాలు, పేగులో మేత ఉందో లేదో తెలిసిపోతుంది. దాని ఒళ్లు పారదర్శకం. ఎలుక పొట్టలో కణితిని బయటి నుంచి చూడటం అలా కాదు. వరద రోజుల్లో గోదాట్లోకి టార్చి వేసినట్టే, కండలో వెలుతురు జానెడు పోకుండానే చెదిరిపోతుంది. పైగా నీలం, ఆకుపచ్చ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ మింగేస్తుంది. ఫోన్ లైటు మీద వేలు పెడితే ఎర్రగా కనిపించేది అందుకే. కాబట్టి తరంగదైర్ఘ్యం 700 నానోమీటర్లు దాటిన కాంతి కావాలి. 1000 దాటితే చెదరడం ఇంకా తగ్గుతుంది.

ఐసీజీ (ఇండోసయనిన్ గ్రీన్) అనే డైకి 1959 నుంచి అమెరికాలో అనుమతి ఉంది. సర్జన్లు పైత్యనాళాలు, రక్తప్రసరణ చూడటానికి వాడతారు. చిక్కల్లా, ఎక్కించిన దాంట్లో సగం మూడు నాలుగు నిమిషాల్లోనే రక్తంలోంచి పోతుంది. రేపు ఆపరేషన్ ఉన్న పేషెంట్‌కి అదే మంచిది. వారం రోజులు ఒక కణితిని వెంబడించాలంటే పనికిరాదు.

క్వాంటం డాట్స్ అంటే కొన్ని నానోమీటర్ల సైజు సెమీకండక్టర్ రేణువులు. వాటికి 2023లో నోబెల్ వచ్చింది, కాంతీ బాగుంటుంది. కానీ చాలా వాటిలో కాడ్మియం అనే విషపు లోహం ఉంటుంది. మనిషి ఒంట్లోకి దాన్ని ఎక్కించడానికి నాకైతే మనసొప్పదు.

ల్యాబ్‌లో ఎలుకల మీద పనికి నా ఓటు పాలిమర్ డాట్స్‌కే. వెలిగే పాలిమర్‌ని, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువుల్ని, టీహెచ్‌ఎఫ్ అనే ద్రావణిలో కరిగించి, శబ్దతరంగాలతో కుదిపే సోనికేటర్‌లో ఊగుతున్న నీళ్లలోకి ఒక్కసారిగా ఇంజెక్ట్ చేస్తారు. గొలుసులు ముడుచుకుని రేణువులవుతాయి. తర్వాత నైట్రోజన్ ఊది టీహెచ్‌ఎఫ్‌ని పోగొడతారు. ఒక్కో రేణువులో కాంతిని పట్టే భాగాలు బోలెడు ఉంటాయి కాబట్టి వెలుగు ఎక్కువ, త్వరగా వెలిసిపోదు, కాడ్మియం టెన్షన్ లేదు.

లోపం లేదని కాదు. మూత్రపిండాల జల్లెడ దాటాలంటే సైజు సుమారు 6 నానోమీటర్ల లోపు ఉండాలి. ఇవి ఎక్కువగా పదుల్లో ఉంటాయి. అందుకే కాలేయంలో, ప్లీహంలో చాలాకాలం తిష్ఠ వేస్తాయి. మనుషుల దాకా రావడానికి అదే పెద్ద అడ్డు. ఇంకోటి, గొలుసులు ఒకదానిమీద ఒకటి పడితే వెలుగు చచ్చిపోతుంది. టీహెచ్‌ఎఫ్‌లో కొలిచిన క్వాంటం యీల్డ్ (మింగిన కాంతిలో ఎంత తిరిగి వెలుగుగా ఇస్తుందో ఆ లెక్క) చూసి మురిసిపోకండి, రేణువులయ్యాక నీళ్లలో ఎంత వచ్చిందో అడగండి.