కిరణజన్య సంయోగక్రియ కిట్: అర ఆకు ప్రయోగం మూడోసారికి కుదిరింది

మిర్యాలగూడ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. పదో తరగతి ‘పోషణ’ పాఠం కోసం ఈ కిట్‌ను ఆన్‌లైన్‌లో తెప్పించాను. 1,350 రూపాయలు, నా సొంత డబ్బే. వెడల్పు మూతి సీసా, రెండుగా చీల్చిన బిరడా, పొటాషియం హైడ్రాక్సైడ్, అయోడిన్, గరాటు, బీకరు, పరీక్షనాళికలు, నల్ల కాగితం, క్లిప్పులు వచ్చాయి. స్పిరిట్ ఇవ్వరు, మెడికల్ షాపులో మనమే కొనుక్కోవాలి.

నేను ముఖ్యంగా కొన్నది మోల్ అనే శాస్త్రవేత్త పేరుతో పిలిచే అర ఆకు ప్రయోగం కోసం. ఆకులో సగం సీసా లోపల, సగం బయట ఉంటుంది. లోపల కార్బన్ డయాక్సైడ్‌ని పొటాషియం హైడ్రాక్సైడ్ పీల్చేస్తుంది కాబట్టి ఆ సగంలో పిండి పదార్థం తయారు కాకూడదు. ముందే ఆకులో ఉన్న పిండి అయిపోవడానికి మొక్కను ఒక రాత్రి చీకట్లో ఉంచితే చాలని కిట్‌తో వచ్చిన కాగితంలో రాశారు. కుండీలో మందార మొక్కతో అలాగే చేశాం. పిండి ఉంటే అయోడిన్ నీలి నలుపుగా మారుతుంది. అయోడిన్ వేయగానే రెండు సగాలూ నీలి నలుపుకు తిరిగాయి. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, “టీచర్, గాలి లేకున్నా ఆకు అన్నం వండుకుంటదా?” అని అడిగింది. నాకు చాలా టెన్షన్ వచ్చింది. పిల్లలు కళ్ళతో చూసిందే నమ్ముతారు, నమ్మాలి కూడా.

మొక్కను మళ్ళీ ఒక రాత్రి చీకట్లో పెట్టి, పొద్దున్నే ఒక ఆకు తెంపి పరీక్షించాం. అదీ నల్లబడింది. అంటే పాత పిండి ఇంకా ఆకులోనే ఉంది. ఈసారి స్టోర్ రూంలో మూడు రోజులు పెట్టాం. సీసా బిగించే ముందు మరో ఆకుని పరీక్షిస్తే అయోడిన్ రంగే మిగిలింది, నీలం రాలేదు. అయినా రెండోసారి కూడా లోపలి సగంలో, బిరడా పక్కన నీలం మరకలు కనిపించాయి. బిరడా చీలిక దగ్గర సందు ఉంది, అందులోంచి గాలి లోపలికి పోతోంది. మూడోసారి ఆ సందుకు వాజలైన్ దట్టంగా పూశాం. అప్పుడు బయటి సగం నల్లగా, లోపలి సగం లేత గోధుమరంగులో, మధ్యలో గీత గీసినట్టు వచ్చింది. అడిగిన అమ్మాయే ఆ ఆకుని పళ్ళెంలో పెట్టుకొని తొమ్మిదో తరగతికి తీసుకెళ్ళి చూపించింది.

వెలుతురు ప్రయోగానికి మాత్రం వంక పెట్టలేను. నల్ల కాగితంలో నక్షత్రం ఆకారం కత్తిరించి ఆకుకు క్లిప్పు చేస్తే, ఎండ తగిలిన నక్షత్రమే నీలంగా తేలింది. ఆకుని స్పిరిట్‌లో ఉడికించినప్పుడు పత్రహరితం దిగి స్పిరిట్ ఆకుపచ్చగా మారడం, ఆకు పాలిపోయి పెళుసుబారడం, గోరువెచ్చని నీళ్ళలో ముంచగానే మళ్ళీ మెత్తబడడం పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. కానీ కిట్‌తో వచ్చిన కాగితంలో స్పిరిట్‌ని దీపం మీద నేరుగా వేడి చేస్తున్నట్టు బొమ్మ వేశారు. అది ప్రమాదం, భగ్గుమంటుంది. మేం మంట ఆర్పేసి, మరిగిన నీళ్ళ గిన్నెలో స్పిరిట్ నాళిక నిలబెట్టాం. పొటాషియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది, దానికి గ్లౌజులు కూడా ఇవ్వలేదు.

మొక్క ఆక్సిజన్ వదలడం చూపడానికి ఊరి చెరువులోంచి హైడ్రిల్లా అనే నీటి మొక్కను తెచ్చి, నీళ్ళలో గరాటు కింద పెట్టాం. బీకరు పొట్టిది, గరాటు కాడ నీళ్ళ పైకి తేలింది. ఇంట్లోంచి పెద్ద గాజు సీసా తెచ్చాను. మొక్కకు కార్బన్ డయాక్సైడ్ అందడానికి చిటికెడు తినే సోడా కలిపి ఎండలో పెడితే నిమిషానికి 30కి పైగా బుడగలు, వరండాలోకి జరిపితే ఏడెనిమిది. 1779లో ఇంగెన్‌హౌజ్ అనే శాస్త్రవేత్త చూసింది ఇదే అని చెప్పాను: మొక్క వెలుతురులోనే ఆక్సిజన్ వదులుతుందని. సాయంత్రానికి గరాటు కాడ మీద బోర్లించిన పరీక్షనాళికలో చేరిన వాయువులో ఆరీ ఆరని అగరుబత్తి పెడితే భగ్గున వెలిగింది.

పెట్టె మీద “నీరు అవసరమని కూడా నిరూపించండి” అని ఉంది. ఈ సామానుతో అది కుదరదు. నీళ్ళు ఆపితే మొక్క మొత్తం వాడిపోతుంది, ఆకులో పిండి తగ్గింది నీళ్ళు లేకనో వాడిపోయో విడదీసి చెప్పలేం.

ఐదుకు మూడు ఇస్తున్నాను. కొనేవాళ్ళు వాజలైన్ డబ్బా, గ్లౌజులు, పొడవాటి గాజు సీసా ముందే సిద్ధం చేసుకోండి. మొక్కను శుక్రవారం సాయంత్రం చీకట్లో పెడితే సోమవారం క్లాసుకు సరిపోతుంది.