కృష్ణ అని కొడితే ఎవరొచ్చారు: న్యూస్ ఛానల్ ఆర్కైవ్ సిస్టమ్‌ను ఏళ్ల తరబడి వాడాక

మా న్యూస్ ఛానల్ లైబ్రరీలో ఫుటేజీని దాచి, అడిగితే వెతికి ఇచ్చే మీడియా అసెట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ పెట్టించి ఏళ్లయింది. వేరే ఛానళ్లలో తెలిసినవాళ్లు ఫోన్ చేసి, ‘మేమూ కొంటున్నాం, ఏ కంపెనీకి ఇస్తే బాగుంటుంది?’ అని ఇప్పటికీ అడుగుతుంటారు. స్టోరేజీ ఎంత, టేపులను అందుకుని డ్రైవ్‌లో పెట్టే రోబోలో స్లాట్లెన్ని, ఎన్ని సీట్లకు లైసెన్సు వంటివన్నీ ఏ కంపెనీ అయినా కొటేషన్‌లో రాసిస్తుంది. నేను చెప్పేదంతా సెర్చ్ గురించే. తెలుగులో టైప్ చేస్తే తెలుగు ఫుటేజీ దొరుకుతుందా, దొరకదా? ఆ ఒక్క విషయంలో ఈ సిస్టమ్ మీద నా కోపం ఇంకా తగ్గలేదు.

టెండర్‌లో చివరికి మూడు కంపెనీలు మిగిలాయి. ముగ్గురూ డెమో ఇచ్చారు. వాళ్లు తెచ్చుకున్న డిస్కుల్లో ఫుట్‌బాల్ మ్యాచ్‌లు, కార్ల యాడ్‌లు, ఇంగ్లిష్ ఇంటర్వ్యూలు ఉన్నాయి. ఏం అడిగినా రెప్పపాటులో తెర మీదికి వచ్చేది. తెలుగులో చూపించండి అంటే ‘తిరుపతి’ అని కొట్టారు. ముందు రోజు వాళ్లే లాగ్ చేసి, అంటే వివరాలు రాసి, పెట్టుకున్న క్లిప్పు టక్కున వచ్చింది. కమిటీ తృప్తిపడింది. తిరుపతిని ఎవరు రాసినా ఒకేలా రాస్తారు. అందులో పొల్లు లేదు, వత్తు లేదు, సున్నా లేదు. తెలుగు డెస్కులో రోజంతా నలిగే పేర్లు అంత సులువుగా ఉండవు.

మా దగ్గర ఒకరు ఎన్టీఆర్ అని రాస్తారు, ఇంకొకరు ఎన్టిఆర్, మరొకరు ఎన్టీయార్. పేపర్ నుంచి వచ్చిన సీనియర్లు ఎన్.టి.ఆర్. అని చుక్కలు పెట్టి మరీ రాస్తారు. వైఎస్సార్, వైఎస్ఆర్, వైయస్సార్ సంగతీ అంతే. చదివేవాడికి ఒకే మనిషి. ఈ సిస్టమ్‌కి మాత్రం ఎన్ని స్పెల్లింగులుంటే అంతమంది మనుషులు.

దీనికంటే ఎక్కువ ఏడిపించింది కంటికి కనపడని గుర్తు. హైదరాబాద్‌లో అని పద్ధతిగా టైప్ చేసినప్పుడు ‘ద్’కీ ‘లో’కీ మధ్య యూనికోడ్ గుర్తు ఒకటి పడుతుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది పడకపోతే ‘ల’ వెళ్లి ‘ద’ కింద వత్తుగా చేరి హైదరాబాద్లో అవుతుంది. కొన్ని కీబోర్డులు ఆ గుర్తును వాటంతటవే వేస్తాయి, కొన్నింటిలో మనమే వేయాలి. ఊళ్లలో ఉండే పార్ట్‌టైమ్ విలేకరి, అంటే స్ట్రింగర్, ఫోన్‌లో కొట్టి వాట్సాప్‌లో పంపిన కాపీలో అది ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. సూపర్‌స్టార్ అనే మాటనే తీసుకోండి. గుర్తుతో రాస్తే ఒకటి, కలిపేసి సూపర్స్టార్ అంటే ఒకటి, మధ్యలో ఖాళీ వదిలి సూపర్ స్టార్ అంటే ఇంకొకటి. మూడింటికీ మూడు వేర్వేరు జాబితాలు వచ్చేవి. ఒకదాంట్లో ఉన్న క్లిప్పు ఇంకోదాంట్లో ఉండేది కాదు.

ఇక యూనికోడ్‌కు ముందు కాలం. తెలుగు పత్రికల్లో, ఛానళ్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లు రాజ్యమేలాయి. మా పాత క్యాసెట్ల లాగ్‌షీట్లన్నీ వాటిలోనే టైప్ చేసి ఉన్నాయి. ఆ ఫాంట్ వేసి చూస్తే చక్కటి తెలుగు. తీసేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అర్థంలేని గుర్తులు. కంపెనీవాళ్లు ఆ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు డేటాబేస్‌లోకి ఎక్కించేశారు. అంటే మా ఛానల్ తొలి ఏళ్ల ఫుటేజీ అంతా సిస్టమ్‌లో భద్రంగానే ఉంది, దాన్ని పిలవడానికి పేరు మాత్రం లేదు.

టెండర్ పత్రంలో ‘యూనికోడ్ తెలుగు సపోర్ట్ ఉండాలి’ అని ఒక లైను ఉంది. ఆ లైను ప్రకారం వాళ్ల తప్పేమీ లేదు. తెలుగు టైప్ అవుతుంది, కనపడుతుంది, సేవ్ అవుతుంది. మేం ఫిర్యాదు చేసిన ప్రతిసారీ వాళ్ల ఇంజినీర్ మర్యాదగా అదే చూపించేవాడు: ‘సపోర్ట్ ఉంది కదా మేడమ్.’

2022 నవంబర్ 14న సూపర్‌స్టార్ కృష్ణను గచ్చిబౌలిలో ఆసుపత్రిలో చేర్పించారన్న వార్త వచ్చింది. పరిస్థితి బాగోలేదని తెలియగానే ప్రొఫైల్ ప్యాకేజీకి ఫైల్ విజువల్స్, అంటే పాత ఫుటేజీ, తీసిపెట్టమని అవుట్‌పుట్ డెస్కు అడిగింది. కృష్ణ అని కొట్టాం. సిస్టమ్ కొత్తవి ముందు, పాతవి వెనక చూపిస్తుంది. అందుకని అన్నిటికంటే పైన కృష్ణంరాజు వచ్చారు. ఆయన సెప్టెంబర్ 11నే పోయారు, అప్పటి అంత్యక్రియల విజువల్స్ వరుసగా పేజీలకు పేజీలు. వాటి కింద కృష్ణా నదీ యాజమాన్య బోర్డు సమావేశాలు, నీటి వాటాల గొడవలు. తర్వాత కృష్ణాష్టమి, ఉట్టి కొట్టడాలు. ఆ కింద ఏప్రిల్‌లో కృష్ణా జిల్లాను విడదీసి ఎన్టీఆర్ జిల్లా చేసినప్పటి కథనాలు. 2016 పుష్కరాలు ఎక్కడో అడుగున. మాకు కావాల్సిన మనిషి ఈ ప్రవాహంలో అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క.

సెప్టెంబర్ 28న ఆయన భార్య ఇందిరాదేవి కన్నుమూశారు. అప్పటి విజువల్స్‌లో కృష్ణ ఉన్నారు, మేమే ప్రసారం చేశాం, కళ్ల ముందు మెదులుతున్నాయి. సెర్చ్‌లో మాత్రం లేవు. తీరా చూస్తే లాగ్‌లో ‘మహేశ్ బాబు తల్లి’ అని రాసి ఉంది. పోనీ అని మహేశ్ బాబు అని కొడితే సగమే వచ్చాయి, మిగతా సగం మహేష్ బాబు దగ్గర ఉన్నాయి.

15వ తేదీ తెల్లవారుజామున కృష్ణ పోయారు. అప్పటికి లైబ్రరీ ముందు ఎడిటర్ల గుంపు. ఆ హడావుడిలో ఒక ప్యాకేజీ టైమ్‌లైన్‌లోకి కృష్ణంరాజు అంత్యక్రియల్లోని అభిమానుల క్యూ షాట్లు ఎక్కేశాయి. నైట్ షిఫ్ట్ కాపీ ఎడిటర్ ఒకమ్మాయి ఫ్లెక్సీ మీద ఫొటో గమనించి పరుగెత్తుకొచ్చింది. ‘అక్కా, ఇది రెబల్‌స్టార్‌ది!’ అంది. ఎడిటర్ ఆ షాట్లు లేపేసి వేరేవి పెట్టాకే ప్యాకేజీ ప్రసారం నడిపే గది పీసీఆర్‌కు వెళ్లింది. ఒక కుటుంబం దుఃఖాన్ని ఇంకో కుటుంబానికి అంటగట్టి చూపించడం కంటే ఘోరం న్యూస్ ఛానల్‌కి ఇంకోటి ఉండదు. నా కోపానికి మూలం ఆ తెల్లవారుజామే.

మా ఛానల్ తొలి రోజుల్లో తీసిన ఆయన ఇంటర్వ్యూ ఒకటి ఉండాలి, అదీ దొరకలేదు. ‘ఆయన పుట్టినరోజుకు చేశాం’ అని ఓ సీనియర్ రిపోర్టర్‌కు గుర్తొచ్చింది. పుట్టినరోజు మే 31. దాంతో పేరు వదిలేసి తేదీ పట్టుకున్నాం. ఒక్కో ఏడాదికీ మే చివరి వారం ప్రాక్సీలు, అంటే చూడ్డానికి ఉంచిన చిన్న సైజు కాపీలు, తెరిచి, బొమ్మ చూసుకుంటూ పోతే చివరికి తెల్ల చొక్కాలో ఆయన కనపడ్డారు. టైటిల్ గడిలో అను ఫాంటు తాలూకు చెత్త అక్షరాలు. సిస్టమ్ పెట్టిన నాటి నుంచీ అది అక్కడే ఉంది.

ఇక్కడ ఒక మంచి మాట చెప్పకపోతే అన్యాయం. ఆ ఇంటర్వ్యూ పొడవైనది, మాకు కావాల్సింది రెండు నిమిషాలు. ఇన్ పాయింట్, అవుట్ పాయింట్ పెట్టి ఆ ముక్క మాత్రమే టేపు నుంచి తీయమంటే సిస్టమ్ తీసిచ్చింది. పార్షియల్ రిస్టోర్ అంటారు. అలాంటి రోజున అన్ని డెస్కులూ ఒకేసారి అడుగుతాయి. డ్రైవ్‌ల ముందు క్యూ పెరిగిపోతుంది. ప్రతివాళ్లూ మొత్తం ఫైలు లాగితే ఎవరికీ ఏదీ టైముకు అందదు. సిస్టమ్ కొన్న కొత్తలో నేను అందరికీ గొప్పగా చెప్పింది ఈ ఫీచర్ గురించే, ఇప్పటికీ చెప్తాను.

కాకపోతే ఆ మెప్పు రోబోలో ఉన్న టేపుల వరకే. స్లాట్లు నిండాక పాత ఎల్‌టీవో-6 టేపులు (ఎల్‌టీవో అంటే డేటా టేపు రకం, అంకె దాని తరం) అలమారాలోకి వెళ్లాయి. తర్వాత కంపెనీ సలహా మీద ఎల్‌టీవో-8 డ్రైవ్‌లు కొన్నాం. ఎల్‌టీవో-7 దాకా ప్రతి డ్రైవూ తన వెనకటి రెండు తరాల టేపులను చదివేది. ఎనిమిదిలో ఆ వీలు ఒక్క తరానికే తగ్గింది. అంటే మా పాత టేపులు కొత్త డ్రైవ్‌లో పెడితే చదవవు. పాత డ్రైవ్ ఒకటి ఉంచుకుని, పాతవన్నీ దాని మీదే తీయాల్సి వస్తోంది. ఈ మధ్య పాత ఫుటేజీ అడిగినవాళ్లకు నేను నిమిషాల లెక్క చెప్పడం మానేశాను. కాపీ చేసి కొత్త టేపుల్లోకి మార్చే పని సాగుతోంది, ఆ ఖర్చు మొదటి కొటేషన్‌లో ఎక్కడా లేదు. బీటా క్యాసెట్ల గతి చూశాం కదా. వాటిని ఆడించే వీటీఆర్‌ల అమ్మకం 2016 మార్చితో ఆపేస్తున్నట్టు సోనీ ప్రకటించగానే మేం పరుగులు పెట్టింది. టేపుకీ అదే తరహా పరుగు ఉంటుందని టెండర్ రోజునే లెక్కలో పెట్టుకోవాలి.

టేపుల మీద రాత ఏ కంపెనీకీ సొంతం కాని ఎల్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉండాలని మేం పట్టుబట్టి రాయించాం. రేపు వేరే సాఫ్ట్‌వేర్ తెచ్చినా టేపు తెరుచుకుంటుంది. అయితే తెరిస్తే కనపడేవి అంకెలతో ఉన్న ఫైలు పేర్లే. ఏది ఎవరి ఇంటర్వ్యూ అన్న సంగతి డేటాబేస్‌లో ఉంది. ఆ క్యాటలాగు మొత్తం మామూలు ఫైలుగా అడిగినప్పుడల్లా ఇవ్వాలన్న షరతు కూడా రాయించుకుంటేనే టేపు మనదవుతుంది.

ఆ నవంబర్ తర్వాత కంపెనీ కదిలింది. అందుకు వేరే బిల్లు వేసింది, అది వేరే సంగతి. కనపడని గుర్తునూ, మధ్యలో ఖాళీనీ లెక్కలోంచి తీసేసి వెతికేలా అప్‌డేట్ ఇచ్చారు. సూపర్‌స్టార్ ఇప్పుడు ఎలా కొట్టినా ఒకటే జాబితా వస్తోంది. అను లాగ్‌లను యూనికోడ్‌లోకి మార్చారు గానీ వత్తులు చాలాచోట్ల తారుమారయ్యాయి, వాటిని మావాళ్లు కూర్చుని దిద్దుతున్నారు. అసలు మందు మేమే తయారు చేసుకున్నాం. పేరున్న ప్రతి మనిషికీ ఒక చీటీ. ‘ఘట్టమనేని కృష్ణ, నటుడు, 1989 ఏలూరు ఎంపీ’ అని ఒక చీటీ, ఆయన పేరు రాసే రకాలన్నీ దాని కిందే. ఫుటేజీని సిస్టమ్‌లోకి ఎక్కించేటప్పుడు పేరు టైప్ చేయకుండా ఆ చీటీని తగిలిస్తాం. లాగ్‌లో మహేశ్ బాబు తల్లి అని రాసినా, ఫ్రేమ్‌లో కనపడిన ప్రతి ఒక్కరి చీటీ పడాలన్నది ఇప్పుడు మా లైబ్రరీ నియమం.

మళ్లీ ఇదే కంపెనీని తీసుకుంటానా అంటే, మా సంగతి వేరు. మాది ఇరవై నాలుగు గంటల వార్తల ఛానల్, పాత ఫుటేజీ గుట్టలుగా ఉంది, ఎప్పుడు ఏ పేరు కావాల్సొస్తుందో తెలియదు. సీరియళ్లు, గేమ్ షోలు నడిపే ఛానల్ అయితే ఎపిసోడ్ నంబరుతో పని జరిగిపోతుంది, వాళ్లకు ఈ సిస్టమ్ హాయిగా సరిపోతుంది. కొత్తగా మొదలయ్యే ఛానల్‌కు అను ఫాంట్ల గొడవే ఉండదు. పైగా వీళ్ల ఇంజినీర్ ఉండేది హైదరాబాద్‌లోనే, రాత్రి రెండింటికి ఫోన్ చేసినా బండేసుకుని వస్తాడు. టెండర్‌లో పోటీపడ్డ మిగతా ఇద్దరికీ ఇక్కడ మనిషే లేడు. రోబో చెయ్యి టేపు పట్టుకుని మధ్యలో ఆగిపోయిన రాత్రి నాకు ఆ తేడా బాగా తెలిసొచ్చింది.

అందుకని ఈ ఏడాదికి ఏఎంసీ, అంటే ఏడాది నిర్వహణ ఒప్పందం, పొడిగించమనే రాసిచ్చాను. బైట్‌లో, అంటే కెమెరా ముందు మనిషి మాట్లాడిన ముక్కలో, ఉన్న మాటలను దానంతటదే తెలుగులోకి రాసిపెట్టే ఫీచర్ తెస్తామంటున్నారు, డెమోలో యాంకర్ చదివిన బులెటిన్ పెట్టి చూపించారు. నేను మా ఆర్కైవ్‌లోంచి శ్రీకాకుళం మత్స్యకారుడి బైట్, కరీంనగర్ రైతు బైట్, పాతబస్తీ రోడ్డు మీద గాలి హోరులో తీసిన బైట్ డిస్కులో వేసి ఇచ్చాను. వాటి మీద చూపించాకే డబ్బు మాట అని చెప్పాను. ఇంకా చూపించలేదు.