పాట మొదలైతే టీవీలు ఆపేసే బార్: చికాగోలో ఒక ఆల్ట్ కంట్రీ రాత్రి

ముందే చెప్పేస్తున్నా, కాక్‌టెయిల్స్ కోసమో తిండి కోసమో అయితే ఈ బార్‌కి పోనక్కర్లేదు. బీరు మామూలే, కిచెన్ తొమ్మిదింటికే కట్టేస్తారు, ఆ తర్వాత దొరికేది చిప్స్ ప్యాకెట్టే. పాట వినడానికి అయితే మాత్రం చికాగోలో నేను చూసిన చిన్న బార్లలో ఇంత శ్రద్ధ ఉన్నది ఇంకోటి లేదు. మొదటి పాటకి ముందే బార్‌టెండర్ కౌంటర్ పైనున్న రెండు టీవీలూ ఆపేసింది. మ్యూట్‌లో పెట్టడం కాదు, పూర్తిగా ఆపేయడమే. మ్యాచ్ చూస్తున్న ఒకాయన ఇంకో పది నిమిషాలేగా అని గొణిగితే ఆవిడ నవ్వి, ఆయనకి గ్లాసు నింపి, తన పనిలో పడిపోయింది.

ముందు ఒకమ్మాయి ఒక్కతే గిటార్‌తో ఫోక్ పాడింది. బొటనవేలితో కింది స్వరాలు ఆగకుండా నడుపుతూ మిగతా వేళ్లతో పైన రాగం మీటుతుంటే రెండో గిటార్ ఎక్కడుందా అని చూశాం. సొంత పాటల మధ్య జాన్ ప్రైన్ పాట ఒకటి అందుకుంది. ఆయన ఈ చుట్టుపక్కల ఉత్తరాలు పంచుతూ పాటలు కట్టిన మనిషి, 2020లో కోవిడ్‌తో పోయాడు. వెనక బల్లల దగ్గర కబుర్లు ఆ పాటకి వాటంతటవే తగ్గిపోయాయి, ఎవరూ ఎవర్నీ ఉష్ అనలేదు.

తర్వాత ఐదుగురి ఆల్ట్ కంట్రీ బ్యాండ్. అమెరికా పల్లెల్లో పుట్టిన పాత కంట్రీ పాటల్లో ఉండే కథా, దిగులూ తీసుకుని, ఆ పాటల వ్యాపారానికి కేంద్రమైన నాష్‌విల్ మార్కు నునుపు తీసేసి, పంక్ రాక్ గరుకుదనం కలిపితే వచ్చే సంగీతం ఇది. చికాగో ఉన్న ఇదే ఇల్లినాయ్ రాష్ట్రంలోని బెల్‌విల్ కుర్రాళ్ల బ్యాండ్ అంకుల్ టుపెలో, 1990లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌తో దీనికి ఊపు తెచ్చింది. 1994లో వాళ్లు విడిపోతే అందులోంచి విల్కో, సన్ వోల్ట్ అనే రెండు బ్యాండ్లు వచ్చాయి. విల్కో మకాం చికాగోనే కాబట్టి ఈ ఊళ్లో ఇలాంటి పాటలకి చెవులు బాగానే అలవాటు పడ్డాయి.

మొదటి మూడు పాటలు మాత్రం విసిగించాయి. అంత చిన్న గదిలో డ్రమ్స్ హోరుకి ఒక్క మాట అర్థం కాలేదు, మాట వినబడకపోతే ఈ పాటల్లో మిగిలేదేముంది? సౌండ్ చూసే కుర్రాడు గది వెనక్కి నడిచి, అక్కడ కాసేపు నిలబడి విని, స్టేజీ దగ్గరికి వెళ్లి డ్రమ్మర్ చెవిలో ఏదో చెప్పాడు. డ్రమ్మర్ కర్రలు పక్కన పడేసి, మెత్తగా మోగే బ్రష్‌లు అందుకున్నాడు. అక్కడి నుంచీ కథే మారిపోయింది.

అప్పటికి గానీ పెడల్ స్టీల్ సరిగా వినపడలేదు. బల్లలా పడుకోబెట్టిన పది తీగల వాద్యం అది, వాయించేవాడు దాని ముందు కూర్చుంటాడు. ఎడమ చేత్తో ఇనుప కడ్డీ తీగల మీద జారుస్తాడు, కుడి చేతి వేళ్లకి పిక్‌లు, ఒక కాలు పెడల్స్ మీద, ఇంకోటి వాల్యూమ్ మీద, మోకాళ్లతో పక్కకి నెట్టే మీటలు వేరే. మీట కదిలినప్పుడల్లా ఒక తీగ శృతి పెరుగుతూనో తగ్గుతూనో పక్క స్వరంలోకి జారుతుంది, వీణ తీగ లాగి గమకం పలికించినట్టే వినిపించింది నాకైతే. ఒక నెమ్మది పాటలో గాయకుడు చరణం ముగించి మైక్ నుంచి తప్పుకుంటే, ఈయన తలెత్తకుండా, మోకాలు అంగుళం కూడా కదిలినట్టు కనబడకుండా, ఆ ఆఖరి మాటని మూడు నాలుగు రకాలుగా సాగదీసి వదిలాడు. ఇచ్చిన డబ్బులకి అదొక్కటే చాలు.

కవర్ ఛార్జ్ (లోపలికి వెళ్లడానికి కట్టేది) 12 డాలర్లు, ఒకరి పాటలయ్యాక ఇంకొకరు మొదలెట్టేలోపు టిప్స్ కోసం బకెట్ తిప్పుతారు, అందులో పడ్డది పాడేవాళ్లకే. కుడివైపు కూర్చోకండి, స్తంభం అడ్డం. బాత్‌రూమ్ ఒక్కటే, బ్రేక్‌లో లైను తలుపు దాకా వస్తుంది కాబట్టి ఏదో ఒక పాట మధ్యలోనే వెళ్లొచ్చేయడం మేలు (డ్రమ్స్ సోలో ఉంటే మరీ మంచిది). వయసు చూపించడానికి డ్రైవింగ్ లైసెన్స్ మర్చిపోవద్దు, గడ్డం నెరిసినవాళ్లనైనా 21 ఏళ్లు నిండాయా అని చూసిగానీ లోపలికి పంపట్లేదు.